కుంచెడు తవుడు, మూడు దరఖాస్తులు

తవిటమ్మకు నర్సు ఉద్యోగం రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఎవరి వల్ల అని వెతికితే మొదటి పేరు నాదే వస్తుంది. ఒప్పుకోవడానికి నాకేమీ సరదాగా లేదు గాని, ఈ సంగతి దాచిపెట్టి ఆమె కథ రాయలేను. మా నాన్న జానకిరామయ్యగారు కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్లో బడి హెడ్మాస్టరు. ఆయన కూతురు లక్ష్మీకామేశ్వరివి ముత్యాల్లాంటి అక్షరాలని ఊరంతా మెచ్చుకునేవారు. ఆ ముత్యాలే తవిటమ్మ కొంప ముంచాయి.

మేమిద్దరం ఎనిమిదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చుని చదివాం. తవిటమ్మ అనే పేరు వినగానే మా వైపు వాళ్లకు సంగతి తెలిసిపోతుంది. తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఆమె తల్లి జగ్గమ్మకు మొదటి ముగ్గురు పిల్లలూ పురిట్లోనే పోయారు. నాలుగో కాన్పుకి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన వెంటనే పక్కింటి నారాయణమ్మ కుంచెడు తవుడు కొలిచి ఇచ్చింది. జగ్గమ్మ పిల్లను చేటలో పడుకోబెట్టి ఆమె చేతుల్లో పెట్టింది. బేరం అయిపోయింది. పిల్ల ఇక ఈ ఇంటిది కాదు కనక ఈ ఇంటి చావు దాని జోలికి రాదని నమ్మకం. తవుడుకి కొన్న పిల్ల కనక తవిటమ్మ.

పాలిచ్చిందీ పెంచిందీ జగ్గమ్మే. కాని నలుగురిలో "మా పిల్ల" అని ఒక్కనాడు అనలేదు. ఎవరైనా అడిగితే "నారాయణమ్మ పిల్లండి, మా ఇంట్లో తిరుగుతాది" అనేది. తండ్రి సోములు అసలే మాట తక్కువ మనిషి. బళ్లో వేసిన రోజున ఆయన గుమ్మం బయట నిలబడిపోయాడు. నారాయణమ్మ మొగుడు నూకయ్య లోపలికొచ్చి తండ్రి పేరు దగ్గర తన పేరు చెప్పాడు. మా నాన్నకు నిజం తెలుసు. అయినా, పోనీలే, ఆ తల్లి భయం ఆ తల్లిది అనుకుని రిజిస్టర్లో "తండ్రి: నూకయ్య" అని రాశారు. ఆ ఒక్క గీత ఎంత దూరం పోతుందో ఆయనకూ తోచలేదు.

తవిటమ్మ పట్టుబట్టి విజయనగరం వెళ్లి రెండేళ్లు సహాయ నర్సు శిక్షణ పూర్తి చేసి, అరవై ఆరులో ఊరికి తిరిగొచ్చింది. తెల్లచీర మడతపెట్టి పెట్టెలో దాచుకుంది. పల్లెల్లో కాన్పులు చేసే నర్సుల ఉద్యోగాలకు మరుసటేడు ప్రకటన పడింది. అప్పుడే నేను పెళ్లయి శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లి కాపరానికి వెళ్లి, మొదటిసారి పుట్టింటికి వచ్చి ఉన్నాను. ఆ ప్రకటన కాగితం పట్టుకుని తవిటమ్మ మా ఇంటికొచ్చింది.

"నీ రాత బాగుంటాది కదే, నువ్వే రాసిపెట్టు" అంది.

నేను పొంగిపోయాను. ప్రకటన ఒక వైపు చదివి పక్కన పడేశాను. వెనక వైపు కూడా అచ్చు ఉందని చూసుకోలేదు. నాలుగు పేజీలు రాశాను. "దీనుల కన్నీటిని తుడుచుటయే నా జీవిత పరమావధి" అని రాసుకొని నాకు నేనే రెండుసార్లు చదువుకొని మురిసిపోయాను. శిక్షణలో ఎన్ని కాన్పులు చేసిందో ఒక్క ముక్క రాయలేదు. ఆ లెక్కంతా రాసిన పుస్తకం ఆమె పెట్టె అడుగునే ఉంది. నేనడగలేదు, ఆమె చెప్పలేదు. తండ్రి పేరు దగ్గర నాకు సత్యవ్రతం గుర్తొచ్చింది. సోములు అని రాశాను. దాని కింద నూకయ్య పేరున్న అసలు సర్టిఫికెట్టు, నకలైనా తీసుకోకుండా, గుండుసూదితో గుచ్చి మామూలు పోస్టులో పంపేశాం.

రెండున్నర నెలలకు ఆ కవరే తిరిగొచ్చింది. దరఖాస్తుదారు తండ్రి పేరు సర్టిఫికెట్టులోని పేరుతో కలవడం లేదు, శిక్షణ వివరాలు లేవు, నివాస ధ్రువపత్రం లేదు, అసలు పత్రాలు పంపరాదని ప్రకటన వెనక స్పష్టంగా ఉంది, అని చిన్న చీటీ పెట్టారు. ఆ అసలు పత్రం పోకుండా చేతికి రావడమే మా అదృష్టం. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియక పోస్టుమాన్ మీద అరిచాను. తవిటమ్మ మాత్రం చీటీ మడిచి రవికెలో పెట్టుకుని, "మల్లీ ఏడు ఉన్నాది కదే" అని నాట్లకు వెళ్లిపోయింది.

మరుసటేడు, అంటే అరవై ఎనిమిదిలో, నాకు తెలివొచ్చిందనుకున్నాను. సర్టిఫికెట్టులో ఉన్నట్టే తండ్రి పేరు నూకయ్య అని రాశాను. నకళ్లు పెట్టాను. ఊరి మునసబు దగ్గర నివాస ధ్రువపత్రం తీసుకున్నాం. ఆయన తన జనన రిజిస్టరు చూసి "సోములు కుమార్తె" అని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం మడతలోనే ఉంది. విప్పి చదివితే నా సొమ్మేం పోయేది? చదవలేదు. శ్రీకాకుళంలో ఇంటర్వ్యూకి రమ్మని కార్డు వచ్చింది. ఇల్లలకగానే పండగ కాదని మా అత్తగారు అంటూనే ఉన్నారు, నేను వినిపించుకోలేదు.

ఇంటర్వ్యూకి కూడా నేనే తయారుచేశాను. మన యాస బయటపడితే పల్లెటూరిదనుకుంటారు, పుస్తకాల్లో ఉన్నట్టు మాట్లాడమన్నాను. సేవాభావం గురించి అరపేజీ రాసిచ్చి బట్టీ పట్టించాను. అన్నిటికన్నా పెద్ద సలహా ఒకటుంది. "ఏదడిగినా తెలుసనే చెప్పు. తెలియదన్నావంటే అక్కడితో సరి" అన్నాను.

ఆ రోజు పొద్దున్న బయలుదేరిన పాసింజరు రైలు దారిలో ఎక్కడో నిలిచిపోయింది. ఆముదాలవలసలో దిగి, బస్సు పట్టుకుని శ్రీకాకుళం చేరేసరికి పది గంటలకు ఉండవలసిన మనిషి పదకొండున్నరకు చేరింది. ముందు రోజే వచ్చి మా ఇంట్లో పడుకోమని చెప్పాలని నాకు తోచలేదు, అడగడానికి ఆమెకు మొహమాటం. చెమటతో, రొప్పుతూ లోపలికి వెళ్లింది. నేను నేర్పిన అరపేజీ మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయింది. అక్కడ కూర్చున్న డాక్టరుగారు, కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని తెలిస్తే ఏం చేస్తావని అడిగారు. తెలియదనకూడదు కదా. "నేనే తీస్తానండి" అంది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారట. ఆ తరవాత రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, "ఇందులో నీ తండ్రి ఎవరమ్మా?" అన్నారు. సోములు పేరు చెబితే, నలుగురిలో ఆ పేరు ఎత్తనని తల్లికిచ్చిన మాట పోతుంది. నూకయ్య పేరు చెబితే అబద్ధమవుతుంది. తవిటమ్మ అలాగే నిలబడి, వెళ్లమన్నాక బయటికొచ్చేసింది.

సాయంత్రం నడుచుకుంటూ అరసవల్లి మా ఇంటికొచ్చింది. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుంది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు.

"ఒసే కామేస్వరీ, నీ మీద కోపం నేదు గానీ ఒక మాట సెప్తాను. నువ్వు నాకు రాసిచ్చినవి నీ మాటలు. ఆల్లు అడిగినవి నా సంగతులు. నీ మాటలు మొయ్యలేక నా సంగతులు కింద పడేసుకున్నాను" అంది.

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఆ వైద్యురాలిని నేనే. నాకు సిగ్గేసింది.

అరవై తొమ్మిదిలో మళ్లీ ప్రకటన పడింది. ఈసారి తవిటమ్మ కాగితం తెచ్చి నా చేతికివ్వలేదు. మా నాన్నగారి ఇంటి వసారాలో తనే కింద కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకుని, దాని మీద దరఖాస్తు పరిచింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ప్రకటన చేతికిచ్చింది. "నాను రాస్తాను. నువ్వు సదువు. రెండు పక్కలా సదువు" అంది.

రెండు పక్కలా రెండేసి సార్లు చదివాను. వెనక వైపు నాలుగో పంక్తి దగ్గర ఆగిపోయాను. జూలై ఒకటికి ఇరవై అయిదేళ్లు నిండి ఉండరాదని ఉంది. తవిటమ్మకు ఆగస్టులో నిండుతాయి. అంటే ఇదే ఆఖరు. ఈసారి తప్పితే రెండేళ్ల చదువూ పెట్టెలో తెల్లచీరతో పాటు మడతలోనే ఉండిపోతుంది. తవిటమ్మ తలెత్తి చూసి, "ఆగిపోనావేటి? సదువు" అంది. తెలియక కాదు, నాకన్నా ముందే చూసుకుంది.

ఆమె అక్షరాలు కాస్త వంకరే. కాని రాసినదంతా నిజం, అంతా అవసరమైనది. పెట్టె అడుగున ఉన్న కాన్పుల పుస్తకం తెచ్చి, లెక్కపెట్టి, ముప్పై నాలుగు అని రాసింది. ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో చేసిందో రాసింది. కన్నీళ్లు తుడవడం మాట ఎక్కడా లేదు. మిగిలిందల్లా తండ్రి పేరు. దానికి స్టాంపు కాగితం మీద, మేజిస్ట్రేటుగారి ముందు, కన్న తండ్రి వచ్చి "ఈమె నా కూతురు" అని వేలిముద్ర వెయ్యాలి. బడి రిజిస్టర్లో పేరు ఎందుకు తేడాగా ఉందో మా నాన్న ఒక పత్రం రాసివ్వాలి. మా నాన్న మారుమాటాడకుండా రాసిచ్చారు. "ఆచారమని తెలిసీ నేనే అలా నమోదు చేసితిని, తప్పు నాది" అని రాసి, కింద సంతకం పెట్టారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన తప్పు ఒప్పుకున్న కాగితం అదొక్కటే.

గొడవంతా జగ్గమ్మ దగ్గర వచ్చింది.

"నానొప్పుకోను" అంది. "ఇరవై నాలుగేల్లు నోరు కట్టుకున్నాను. దాన్ని ఎత్తుకుని ముద్దెట్టుకున్నప్పుడు కూడా నా పిల్ల అన్నేదు. ఇప్పుడు కాయితం మీద రాయించి ముద్రలేయిస్తే పైనున్నోడు సదువుకోడేటి? ముగ్గుర్ని పట్టుకెల్లినోడికి దీని ఇల్లెక్కడో నానే సెప్పాలేటి?"

సోములు గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. తవిటమ్మ తల్లి పక్కన కూర్చుని చాలాసేపు చెప్పింది. ఆఖరికి చెప్పడం మానేసి లేచి, పక్కింటికి వెళ్లి నారాయణమ్మను వెంటబెట్టుకొచ్చింది. నారాయణమ్మ అప్పటికి బాగా ముసలిదైపోయింది గాని గొంతు మాత్రం వీధి చివరి దాకా వినిపించేది.

"ఒసే జగ్గీ, పిల్లని కొన్నది నానా, నువ్వా?" అంది వస్తూనే. "నా పిల్లని నాను ఒగ్గేస్తన్నాను. కుంచెడు తవుడు కొలిచి తెచ్చీయ్. నీ పిల్లని నువ్వు తీసుకెల్లు."

"తవుడు తిరిగిచ్చేస్తే దాని బతుకు కూడా తిరిగిపోతాదేమో అక్కా" అంది జగ్గమ్మ, ఏడుపు గొంతుతో.

"ఏటి తిరిగిపోయేది? నాను ఉత్తినే తవుడిచ్చి ఊరుకున్నానేటి? ఆ ముగ్గురి బొడ్డూ కోసిన కొడవలి దీనికి తగలనిచ్చినానా? నూకయ్య సేత సంతలో కొత్త సాకు తెప్పించి, కాగే నీల్లలో ముంచి మరీ కోయించినాను. బొడ్డు మీద పిడకల బూడిద ఏస్తానని మీ మంత్రసాని వస్తే సెయ్యట్టుకుని గెంటేసినాను. మీ ఇంటి వస్తువేదీ నా పిల్లని ముట్టుకోకూడదని పది రోజులు ఈ గుమ్మం కాడే కూకున్నాను. ఇప్పుడది గట్టిపడిపోనాది. ఇంకేటి బయ్యం?"

ఈ మాటల మధ్యలో తవిటమ్మ గాదె కింద నుంచి తవుడు తీసి కుంచంలో పోస్తోంది. చెయ్యి ఆగిపోయింది.

"పెద్దమ్మా, మల్లీ సెప్పు. ఆ నీల్లు ఎంతసేపు కాగినాయి?"

"ఏమోనే. ఎసరు సలసలా తెర్లినంతసేపు. ఎందుకూ?"

"ఏటీ నేదు" అని తవిటమ్మ కుంచం నింపి పైన చేత్తో సమంగా తీసింది. ఆ ప్రశ్న ఎందుకడిగిందో నాకు ఆ రోజు అర్థం కాలేదు. ముసలితనంలో ఉన్న ఆవిడతో కబుర్లేమిటా అనుకున్నాను. తవుడు చేటలో పోసి నారాయణమ్మకు ఇచ్చారు. ఆవిడ చేట చంకన పెట్టుకుని, తవిటమ్మ గడ్డం పట్టుకుని, "నా ఇంటికి రావడం మానీసినావంటే ఊరుకోను" అంటూ వెళ్లింది. వీధిలోకి వెళ్లాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. కొన్న తల్లయినా తల్లే కదా.

టెక్కలిలో మేజిస్ట్రేటుగారి ముందు గుమాస్తా కాగితం చదివి, "ఈమె నీకేమవుతుంది?" అని సోములును అడిగాడు. సోములు వెనక్కి తిరిగి పెళ్లాం వంక చూశాడు. జగ్గమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. "నా కూతురండి బాబూ" అన్నాడు. ఇంక అడక్కపోయినా మరోసారి, "నా కూతురే" అన్నాడు. ఇరవై నాలుగేళ్లుగా దాచుకున్న మాట కదా, ఒక్కసారితో ఆయనకు తనివి తీరలేదు.

ఇంటర్వ్యూ ఇంకా నాలుగు రోజులుందనగా తవిటమ్మకు చలిజ్వరం వచ్చింది. జగ్గమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "సెప్పినాను కాదేటి? సదువుకున్నాడు! పైనున్నోడు సదువుకున్నాడు!" అని వీధిలో కూర్చుని శోకాలు. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని వణుకుతూనే తవిటమ్మ లోపల్నుంచి అరిచింది. "ఇది దేముడు కాదే అమ్మా, దోమ. వరి మల్లల్లో నీల్లు నిలిచినప్పుడల్లా ఊరందరికీ వస్తాది. మాత్రేసుకుంటే పోతాది." మాత్రలు వేసుకుంది. ఎన్ని, ఎన్ని గంటలకు వేసుకుందో గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుంది. మూడో రోజుకు జ్వరం దిగింది. ఆ రోజే బయలుదేరి, ఇంటర్వ్యూకి ముందు రోజు మధ్యాహ్నానికే అరసవల్లి మా ఇంట్లో దిగింది. నీరసంగా ఉంది. చారూ అన్నం పెట్టాను. సాయంత్రం ఇద్దరం శ్రీకాకుళం దాకా నడిచి, ఆ ఆఫీసు ఎక్కడుందో, లోపలికి ఏ గుమ్మం గుండా వెళ్లాలో చూసుకుని వచ్చాం. దారిలో నా నోరు దురద పెట్టింది.

"ఎందుకీ ఉద్యోగం అని అడిగితే ఏం చెబుతావే? నేనొక నాలుగు ముక్కలు..." అన్నాను.

"నోర్ముయ్యే" అంది ప్రేమగా. మూసుకున్నాను.

ఇంటర్వ్యూ గదిలో నేను లేను. ఇక్కడ రాసేది తవిటమ్మ ఆ సాయంత్రం చెప్పింది. తరవాత కూడా నేను అడిగి అడిగి చెప్పించుకున్నాను కనక మాటలు పొల్లుపోవు. గదిలో ముగ్గురున్నారు. కిందటేటి డాక్టరుగారే మధ్యలో. ఒక పక్క ఆఫీసరు, ఒక పక్క తెల్లజుట్టు పెద్ద నర్సమ్మ. మొదట అడిగింది తండ్రి పేరే.

"కన్న తండ్రి సోములండి. బళ్లో రాసింది నూకయ్య పేరండి. తేడా ఎందుకొచ్చిందో స్టాంపు కాయితం ఒకటి, హెడ్మాస్టరు గోరి కాయితం ఒకటి పైనే పెట్టినాను బాబూ. సదవండి, నేదంటే నన్ను సెప్పమన్నా సెప్తాను."

ఆఫీసరు చదివి తల ఊపి పక్కన పెట్టాడు. రెండేళ్లు నలిగిన గొడవ రెండు నిమిషాల్లో తేలిపోయింది. డాక్టరుగారు మరిచిపోయిన మనిషి కాదు.

"కిందటేడు అడ్డం తిరిగిన బిడ్డను నువ్వే తీస్తానన్నావు. ఈ ఏడు కూడా తీస్తావా?"

"తప్పండి. ఆ మాట నోటికొచ్చింది గానీ నేర్చుకున్నది కాదు. పొట్ట మీద సెయ్యేసి సూసి, తల కిందకి నేదని తెలిసిందంటే నాను ముట్టుకోనండి. బండి కట్టించి ఆసుపత్రికి తోలుకొస్తాను. దారంతా పక్కనే కూకుంటాను."

"బండి దొరక్కపోతే?"

"మంచం మీద మోయిస్తానండి. మోసీవోల్లని నెల నిండగానే మాటాడి ఉంచుతాను. నెప్పులొచ్చినాక ఎతకను."

ఆఫీసరు ఏదో కొత్త మందు పేరు చెప్పి దాని సంగతి అడిగాడు. "తెల్దండి. మాకు నేర్పలేదు" అని తవిటమ్మ సంచిలోంచి పెన్సిలు తీసి, "ఆ పేరు మల్లీ సెప్పండి బాబూ, రాసుకుంటాను" అంది. ఆయన నవ్వి, మళ్లీ చెప్పాడు. ఆమె నిజంగానే రాసుకుంది. ఆ చీటీ నేను చూశాను.

కాన్పుల పుస్తకం పెద్ద నర్సమ్మ చేతిలో ఉంది. "ముప్పై నాలుగు అన్నావు. అన్నీ క్షేమమేనా?" అన్నారు.

"ముప్పై మూడండి. ఒక బిడ్డ పోనాడు. ఎందుకు పోనాడో, నాను ముందుగా ఏటి కనిపెట్టాల్సిందో పదిహేడో పేజీలో రాసుకున్నాను."

ఆవిడ పదిహేడో పేజీ తీసి ఆఖరు దాకా చదివారు. పుస్తకం మూసి, నేను నాలుగు ముక్కలు రాసిస్తానన్న ఆ ప్రశ్నే వేశారు.

"నీకీ ఉద్యోగం ఎందుకమ్మా?"

"మా అమ్మకి నా ముందర ముగ్గురు పోనారండి. పుట్టినప్పుడు ముగ్గురూ గట్టిగానే ఏడిసినారట. నాలుగైదు రోజులకి పాలు పట్టడం మానేసినారు. వారం తిరిగేసరికి దవడలు బిగుసుకుపోనాయి. ముగ్గురికీ ఒకే కొడవలి, ఒకే బూడిదండి. ట్రెయినింగులో ధనుర్వాతం పాటం సెప్పినప్పుడు ఆల్లెందుకు పోనారో తెలిసింది. ఆ రోజు నాను క్లాసులో ఏడిసేసినాను. నన్ను తవుడుకి అమ్మేసినారు కాబట్టి బతికినానని ఊరంతా అంటాది. మొన్న నన్ను కొన్నావిడని అడిగినానండి. నాను తన పిల్లనని, ఆ పాత కొడవలి నాకు తగలనివ్వలేదట. కొత్త సాకు తెప్పించి తెర్లే నీల్లలో ముంచినాదట. నన్ను బతికించింది తవుడు కాదండి, ఆ నీల్లు. మా ఊల్లల్లో ఇంకా తవుడే కొలుస్తన్నారు. ఆల్లకి నీల్లు కాయడం నేర్పాల. అందుకండి."

పెద్ద నర్సమ్మ తన ముందున్న మంచినీళ్ల గ్లాసు తవిటమ్మ వైపు జరిపారు. "జ్వరం పడి లేచినట్టున్నావు, తాగు" అన్నారు. అక్కడ ఎవరికీ చెప్పని జ్వరం ఆవిడ కనిపెట్టేశారని తవిటమ్మకు అన్నిటికన్నా అదే ఆశ్చర్యం. అలాంటి నర్సును అవ్వాలి అంది నాతో.

మూడు వారాలకు ఉత్తరువు వచ్చింది. కళింగపట్నం వెళ్లే దారిలో ఒక పల్లెలో వేశారు. చేపలు ఎండబెట్టుకునే ఇళ్లు, ఇసక దారులు. జగ్గమ్మ కూతుర్ని దిగబెట్టడానికి వెళ్లింది. పొలిమేర దాకా ఏమీ మాట్లాడని మనిషి, అక్కడ చేపల గంప దింపుకుని కూర్చున్న ముసలావిడెవరో "ఎవరీ నర్సమ్మ?" అనగానే, "నా పిల్లమ్మా" అని గబుక్కున నోరు మూసుకుంది. ఏమీ జరగలేదు. ఒక ఘడియ ఆగి, మళ్లీ అంది.

ఆ ఏడు డిసెంబరులో నేను తవిటమ్మను చూడ్డానికి వెళ్లాను. వెళ్లిన పూటే అప్పలసూరి అనే జాలరి పరిగెత్తుకొచ్చాడు. పెళ్లాం అసిరమ్మకు నెప్పులు మొదలయ్యాయట. ఇది మూడో కాన్పు, ముందు ఇద్దరూ వారం తిరక్కుండానే పోయారు. తవిటమ్మ సంచి పట్టుకుని బయలుదేరింది, నేనూ వెనక నడిచాను. గుమ్మంలో అప్పలసూరి తల్లి చేటలో తవుడు పెట్టుకుని సిద్ధంగా ఉంది. పక్కనే గోడకు కొడవలి ఆనించి ఉంది.

"ఈ పాలి బిడ్డని తవుడుకి అమ్మేస్తామమ్మా. నువ్వు అడ్డు సెప్పకు" అంది ముసలిది. సర్కారు నర్సు కసురుతుందని ముందే బెదిరిపోయి ఉంది.

నేనైతే అక్కడే ఒక ఉపన్యాసం ఇచ్చేదాన్ని. తవిటమ్మ సంచి కింద పెట్టి, చేటలో చెయ్యి పెట్టి తవుడు చూసింది.

"అడ్డెందుకు సెప్తాను? నన్నూ అలగే అమ్మినారు" అంది. "ఈ బిడ్డని నాను కొంటాను. మా అమ్మ పంపిన కుంచెడు తవుడు నా గదిలో ఉన్నాది, తెప్పిస్తాను. కొన్నాక బిడ్డ నాది. నా బిడ్డకి మీ కొడవలి తగలడానికి వీల్లేదు. బొడ్డు నానే కోస్తాను. మీ బూడిద ముట్టనివ్వను. పది రోజులు పొద్దూ మాపూ వచ్చి నా బిడ్డని నాను సూసుకుంటాను. బేరం కుదిరిందా?"

ముసలిది కోడలి మూలుగు విని, కొడుకు మొహం చూసి, "కుదిరినాది" అంది.

ఇంటి వెనక పొయ్యి మీద నీళ్లు తెర్లుతుంటే దగ్గర కూర్చుని చూసే పని నాకు పెట్టింది. దించమనే దాకా దించవద్దంది. నా జీవితంలో నాకెవరూ అంత చిన్న పని చెప్పలేదు, నేనంత జాగ్రత్తగా ఏ పనీ చెయ్యలేదు. పొద్దుగూకే వేళకు ఆడపిల్ల పుట్టింది. వీధి వాళ్లందరూ చూస్తుండగా తవిటమ్మ తవుడు కొలిచి ఇచ్చి, చేటలో పిల్లను అందుకుంది. పదకొండో రోజు పిల్ల చక్కగా పాలు తాగుతోందని నాకు కార్డు రాసింది.

పిల్ల పుట్టిన ఆ రాత్రి మేము బయలుదేరుతుంటే అప్పలసూరి చేతులు కట్టుకుని వెంట వచ్చాడు. "ఏటి పేరెట్టమంటావమ్మా? నీ పిల్లే కదా" అన్నాడు.

"నీకు నచ్చిన పేరెట్టుకో. ఊల్లో నా పిల్లని సెప్పుకో, నాకు సంతోసమే. బళ్లో ఏసిన రోజు మాత్రం గుమ్మం బయట నిలబడిపోకు. లోపలికెల్లి, తండ్రి పేరు కాడ నీ పేరే రాయించు" అంది తవిటమ్మ. "ఆ ఒక్క పేరు కోసరం నాను రెండేల్లు బురదలో నాట్లేసినాను."